ర్యాంకు ఒకటే.. జీవితం ఒకటేనా? భారత్, బంగ్లాదేశ్ లెక్కలు ఎలా చదవాలి

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) 2025 మే నెలలో మానవాభివృద్ధి నివేదిక విడుదల చేసింది. 193 దేశాల జాబితాలో భారత్‌ది 130వ స్థానం. గతం కన్నా కాస్త మెరుగుపడ్డాం అన్నదే ఆ రోజు మన దగ్గర వార్త అయింది. అదే పట్టికలో, అదే 130వ స్థానంలో మరో దేశం పేరు కూడా ఉంది. బంగ్లాదేశ్. రెండు దేశాలకూ వచ్చిన స్కోరు 0.685. మూడో దశాంశం వరకూ తేడా లేదు.

అంటే రెండు దేశాల్లో జీవితం ఒకేలా ఉన్నట్టా? కాదు. ఈ స్కోరును మూడు విషయాలు కలిపి తయారు చేస్తారు: ఎంతకాలం బతుకుతాం, ఎంత చదువుకుంటాం, ఎంత సంపాదిస్తాం. విడివిడిగా చూస్తే కథ మారిపోతుంది. ధరల తేడాను సర్దుబాటు చేసి లెక్కేస్తే భారతీయుల తలసరి ఆదాయం ఏడాదికి 9,000 డాలర్ల పైచిలుకు. బంగ్లాదేశ్‌లో అది 8,500 డాలర్ల దగ్గర ఉంది. చదువులోనూ మనం కొద్దిగా ముందున్నాం. కానీ సగటు ఆయుర్దాయం మన దగ్గర 72 ఏళ్ళు, అక్కడ 74.7 ఏళ్ళు.

మనకన్నా తక్కువ సంపాదిస్తున్న పొరుగువాళ్ళు మనకన్నా రెండున్నరేళ్ళకు పైగా ఎక్కువ బతుకుతున్నారు. ఇది ఎలా సాధ్యమైందన్నది ఒక ప్రశ్న. ఆ విజయం ఎక్కడ ఆగిపోయిందన్నది దానికన్నా పెద్ద ప్రశ్న. మీ ఇంటి దగ్గర ఆరోగ్య ఉపకేంద్రం, అంగన్‌వాడీ, ఆసుపత్రి ఎలా పనిచేయాలన్న చర్చకు ఈ రెండింటితోనూ సంబంధం ఉంది.

'బంగ్లాదేశ్ మనల్ని దాటేసింది' అన్న ఫార్వర్డ్ సంగతేంటి?

మా డెస్క్‌కు బంగ్లాదేశ్ గురించి రెండు రకాల ఫార్వర్డ్‌లు వస్తుంటాయి. ఒకటి 'చూశారా, బంగ్లాదేశ్ కూడా మనల్ని దాటేసింది' అని. రెండోది 'వాళ్ళ పని అయిపోయింది' అని. రెండింటికీ ఏదో ఒక అంకె ఆధారంగా ఉంటుంది. రెండూ సగమే చెబుతాయి.

మొదటి రకం 2020 అక్టోబరులో మొదలైంది. ఆ ఏడాది బంగ్లాదేశ్ తలసరి జీడీపీ 1,888 డాలర్లు, భారత్‌ది 1,877 డాలర్లు ఉంటుందని అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అంచనా వేసింది. తేడా 11 డాలర్లు. టీవీ చర్చలకు అది చాలు. కానీ అది కోవిడ్ ఏడాది. లాక్‌డౌన్ వల్ల మన ఆర్థిక వ్యవస్థ 10.3 శాతం కుంచించుకుపోతుందని అదే నివేదిక అంచనా వేసింది.

పైగా అవి మార్కెట్ మారకపు రేటుతో వేసిన లెక్కలు. హైదరాబాద్‌లో 100 రూపాయలు పెడితే ఒక పూట టిఫిన్ చేయొచ్చు. ఆ వందనే డాలర్లలోకి మార్చుకుని న్యూయార్క్ వెళ్తే మంచి కాఫీ కూడా రాదు. అందుకే ఆర్థికవేత్తలు కొనుగోలు శక్తి ప్రకారం ఇంకో లెక్క వేస్తారు. ఆ లెక్కలో 2020లోనూ భారత్ 6,284 డాలర్లతో ముందుంది, బంగ్లాదేశ్ 5,139 దగ్గర ఉంది.

నన్నడిగితే ఈ రెండు దేశాల పోలికలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది ఈ తలసరి జీడీపీ పందెమే. అసలు విషయం అంతకు 30 ఏళ్ళ ముందే మొదలైంది.

పేదరికంలో ఉన్నా పిల్లల్ని బతికించుకున్నారు

1971లో పుట్టినప్పుడు బంగ్లాదేశ్ పరిస్థితి ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. 1970 నవంబరులో లక్షల మందిని బలిగొన్న తుపాను. ఆ వెంటనే యుద్ధం. 1974లో కరవు. ఇది ఎప్పటికీ సాయం మీదే బతికే దేశమని వాషింగ్టన్‌లో అధికారులు తేల్చేశారు.

ఇప్పుడు 1990కి రండి. పుట్టిన ప్రతి 1,000 మంది పిల్లల్లో ఏడాది నిండకుండానే చనిపోయేవారి సంఖ్య భారత్‌లో 81, బంగ్లాదేశ్‌లో 97. అప్పటికి మనమే మెరుగు. 2011 నాటికి భారత్‌లో ఇది 47కి తగ్గింది. బంగ్లాదేశ్‌లో 37కి పడిపోయింది. జాన్ డ్రెజ్, అమర్త్య సేన్ 2013లో వచ్చిన 'యాన్ అన్‌సర్టెన్ గ్లోరీ' పుస్తకంలో ఈ పోలికను ముందుకు తెచ్చారు. వాళ్ళు ఎత్తిచూపిన అసలు విడ్డూరం ఏమిటంటే, ఆ ఇరవై ఏళ్ళలో ఆదాయంలో మనం బంగ్లాదేశ్‌ను ఇంకా వెనక్కి నెట్టేశాం. 1990లో మన తలసరి ఆదాయం వాళ్ళకన్నా సుమారు 60 శాతం ఎక్కువ. 2011 నాటికి దాదాపు రెట్టింపు.

1,000కి 10 మంది తేడా అంటే చిన్నదిగా కనిపిస్తుంది. మన దేశంలో ఏటా సుమారు రెండున్నర కోట్ల మంది పిల్లలు పుడతారు. ఆ రోజుల్లో బంగ్లాదేశ్ స్థాయిలో పిల్లల్ని కాపాడుకోగలిగి ఉంటే ఒక్క ఏడాదిలోనే దాదాపు రెండున్నర లక్షల మంది పసిపిల్లలు బతికి ఉండేవారు. డబ్బు మన దగ్గరే ఎక్కువ ఉన్న కాలంలో జరిగిన నష్టమిది.

చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

వాళ్ళేం చేశారో అర్థం కావాలంటే ఒక్క ఉదాహరణ చాలు. అది కాస్త వివరంగా చెప్పాలి.

విరేచనాలతో పిల్లలు చనిపోయేది ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడం వల్ల. సెలైన్ ఎక్కిస్తే బతుకుతారు. కానీ పల్లెలో సెలైన్ ఎక్కడిది? ఉప్పు, చక్కెర తగిన పాళ్ళలో నీళ్ళలో కలిపి తాగిస్తే చాలని 1968లో ఢాకాలోని కలరా పరిశోధన కేంద్రంలో తేలింది. 1971 యుద్ధంలో బెంగాల్ సరిహద్దున బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఇదే ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపి పెట్టించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయన మన దేశస్థుడే. 2022లో చనిపోయాక పద్మవిభూషణ్ ఇచ్చాం.

కనిపెట్టడం ఒక ఎత్తు. ఊరూరా తల్లుల చేతికి అందించడం మరో ఎత్తు. 1980లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ పని తలకెత్తుకుంది. దాన్ని 1972లో స్థాపించినది ఫజ్లే హసన్ అబెద్. ప్యాకెట్లు పంచలేదు. మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి ప్రతి ఇంట్లో ఉండే వాటితోనే చేయడం నేర్పారు. మూడు వేళ్ళతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. పదేళ్ళలో కోటీ 20 లక్షలకు పైగా ఇళ్ళు తిరిగారు.

ఇందులో అందరూ నేర్చుకోవాల్సింది వాళ్ళ జీతాల పద్ధతి. 'ఎన్ని ఇళ్ళకు వెళ్ళావు' అన్న లెక్క మీద డబ్బులివ్వలేదు. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి వచ్చి, ఆ ఇళ్ళలో కొన్నిటిని ఎంచుకుని తల్లుల్ని పరీక్షించేవారు. ఎన్ని విషయాలు గుర్తున్నాయి? ద్రావణం సరిగ్గా కలపగలదా? ఉప్పు ఎక్కువైతే బిడ్డకే ప్రమాదం కాబట్టి శాంపిళ్ళు ల్యాబ్‌కు కూడా పంపేవారు. తల్లికి ఎంత బాగా వస్తే కార్యకర్తకు అంత డబ్బు. చెప్పి వెళ్ళిపోతే ఆమెకు గుర్తుండట్లేదని అర్థమయ్యాక, తల్లి చేతే కలిపించడం మొదలుపెట్టారు.

అయినా మొదట్లో తల్లులకు తెలుసు గానీ వాడటం లేదు. ఎందుకని ఆరా తీస్తే, నేర్పే కార్యకర్తల్లోనే కొందరికి దాని మీద నమ్మకం లేదని బయటపడింది. వాళ్ళను తీసుకెళ్ళి ద్రావణం ఎలా పనిచేస్తుందో చూపించారు. ఇంట్లో మగవాళ్ళకు చెప్పకపోతే వాడనివ్వడం లేదని తెలిసి మగవాళ్ళతోనూ, బజార్లలోనూ మాట్లాడటం మొదలుపెట్టారు.

మన దగ్గర? 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చేదాకా దేశమంతటా ఇంటికి వచ్చే ఆరోగ్య మనిషి అంటూ పెద్దగా లేరు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019-21) ప్రకారం విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినవారు 60.6 శాతం. ప్యాకెట్ మెడికల్ షాపులో రూపాయల్లోనే దొరికే రోజుల్లో కూడా పదిమందిలో నలుగురికి అందలేదు.

అక్కడ మాత్ర, ఇక్కడ ఆపరేషన్

కుటుంబ నియంత్రణలోనూ అదే దారి. 1970ల నుంచి బంగ్లాదేశ్ ప్రభుత్వం వేల మంది మహిళా కార్యకర్తలను నియమించి గర్భనిరోధక మాత్రలు గుమ్మం దగ్గరికే పంపింది. ఒక్కో మహిళకు ఆరుగురికి పైగా పిల్లలున్న దేశంలో 2011 నాటికి సగటు 2.3కి వచ్చింది. ఆ దశకంలోనే మన దేశం ఏం చేసిందో పెద్దవాళ్ళను అడగండి. ఎమర్జెన్సీలో బలవంతపు వేసెక్టమీలు, ఆ తర్వాత ఆడవాళ్ళకు శిబిరాల్లో ఆపరేషన్లు.

మన దగ్గరా జననాల రేటు తగ్గింది, నిజానికి ఇప్పుడు వాళ్ళకన్నా తక్కువే: దేశ సగటు 2.0, తెలంగాణ 1.8, ఆంధ్రప్రదేశ్ 1.7. కానీ దారి వేరు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం 15-49 ఏళ్ళ వివాహితల్లో ట్యూబెక్టమీ చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 70 శాతానికి దగ్గర, తెలంగాణలో 60 శాతం పైన. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ అయిపోవడమే మనకు కుటుంబ నియంత్రణ. ఎప్పుడు కనాలో, ఎంత ఎడం ఉండాలో ఆమె చేతిలో పెట్టే మాత్ర అంతగా అందలేదు.

మరుగుదొడ్లు, బావులు

బహిరంగ మల విసర్జన బంగ్లాదేశ్‌లో 1990లో 34 శాతం. 2015కు 1 శాతం. అదే 2015లో మన దేశంలో 44 శాతం. ఇవి డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ కలిసి వేసిన లెక్కలు.

అక్కడ మార్పు తెచ్చిన పద్ధతుల్లో ఒకటి 2000లో రాజ్‌షాహి ప్రాంతంలోని ఒక గ్రామంలో మొదలైంది. ప్రభుత్వం మరుగుదొడ్డి కట్టివ్వదు, సబ్సిడీ కూడా ఉండదు. ఊరివాళ్ళంతా ఊరు చుట్టూ నడిచి, మలం ఎక్కడుంది, అది నీళ్ళలోకి, తిండిలోకి ఎలా వస్తోందో తామే చూస్తారు. తర్వాత ఎవరికి తోచిన గుంట వాళ్ళు తవ్వుకుంటారు. ఈ పద్ధతిని రూపొందించిన కమల్ కర్ భారతీయుడే. మన దగ్గర మాత్రం ఇంటికి ఇంత సబ్సిడీ అన్న దారే నడిచింది. 2014 స్వచ్ఛ భారత్‌తో కోట్ల మరుగుదొడ్లు వచ్చాయి. 2019 అక్టోబరు 2న దేశమంతా బహిరంగ మల విసర్జన లేనిదని ప్రకటించారు. అయితే 2019-21 సర్వేలో 19 శాతం కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేలింది. అయిదేళ్ళ ముందు సర్వేలో అది 39 శాతం. తగ్గింది, బాగా తగ్గింది. సున్నా మాత్రం కాదు.

బంగ్లాదేశ్ కథలో అంతా తీపే లేదు. చెరువు నీళ్ళు తాగి పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి లక్షల గొట్టపు బావులు వేశారు. విరేచనాలు తగ్గాయి. 1993లో ఆ బావుల నీళ్ళలో ఆర్సెనిక్ బయటపడింది. కోట్ల మంది ఏళ్ళ తరబడి విషం తాగారు. మంచి ఉద్దేశంతో, చవకగా, వేగంగా చేసిన పనికి తర్వాత పరీక్షలు చేసే యంత్రాంగం లేకపోతే ఏమవుతుందో ఇది చూపిస్తుంది. నల్లగొండ ఫ్లోరైడ్ గురించి విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు.

అంత బాగుంటే వైద్యానికి ఇక్కడికెందుకు వస్తారు?

వెల్లూరు, చెన్నై, కోల్‌కతా ఆసుపత్రుల దగ్గర లాడ్జీల బోర్డులు ఒకసారి గమనించండి. బెంగాలీలో రాసి ఉంటాయి. భారత్‌కు వైద్యం కోసం వచ్చే విదేశీయుల్లో ఏళ్ళ తరబడి బంగ్లాదేశీయులదే మొదటి స్థానం. 2024 ఆగస్టు తర్వాత వీసాలు తగ్గించడంతో ఈ రాకపోకలు దెబ్బతిన్నాయి. మనకన్నా ఎక్కువ కాలం బతికే దేశం నుంచి మన దగ్గరికి రోగులు ఎందుకొస్తున్నారు?

ఎందుకంటే ఉప్పు-బెల్లం నీళ్ళతో, టీకాతో, మాత్రతో ఆగే మరణాలు వేరు. గుండెపోటు, క్యాన్సర్, కిడ్నీ జబ్బు వేరు. మొదటివాటికి శిక్షణ పొందిన కార్యకర్త చాలు. రెండోవాటికి డాక్టర్లు, ఐసీయూలు, పరికరాలు కావాలి. వాటికి ప్రభుత్వం దగ్గర డబ్బుండాలి. బంగ్లాదేశ్ ప్రభుత్వానికి పన్నుల రూపంలో వచ్చేది జీడీపీలో 8 శాతం దగ్గరే ఉంటోంది. ప్రపంచంలో అతి తక్కువ పన్ను వసూలు చేసే దేశాల్లో అదొకటి. ఆరోగ్యంపై ప్రభుత్వం పెట్టే ఖర్చు జీడీపీలో ఒక్క శాతం కూడా ఉండదు.

మరి ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? ఇంటివాళ్ళే. బంగ్లాదేశ్ అధికారిక లెక్కల ప్రకారమే 2020లో దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో 68.5 శాతం జనం జేబులోంచి పోయింది. అందులో పెద్ద వాటా మందుల షాపులకు. ఈ భారం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గలేదు, పెరిగింది. ఒక్కో దానికి సుమారు 6,000 మంది చొప్పున వేల కమ్యూనిటీ క్లినిక్‌లు ఉన్నాయి. జ్వరం, దగ్గు, గర్భిణుల పరీక్షలకు అవి పనికొస్తాయి. స్టెంటు వేయవు.

మన దగ్గర ఇదే అంకె 2013-14లో 64.2 శాతం. 2021-22లో 39.4 శాతమని కేంద్రం లెక్క. ఈ తగ్గుదల నిజంగా ఇంత ఉందా అన్నదానిపై వాదన ఉంది. ఎందుకంటే దీనికి ఆధారమైన కుటుంబాల సర్వే 2017-18 నాటిది. అయినా దిశ మాత్రం వేరు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాలు పెద్ద ఆపరేషన్ల బిల్లు ప్రభుత్వమే కట్టే పద్ధతి తెచ్చాయి. వాటి బకాయిలు, నెట్‌వర్క్ ఆసుపత్రుల తిరస్కరణల గురించి ఈ కాలమ్‌లోనే చాలాసార్లు రాశాం. కానీ అలాంటి పథకమే లేకపోతే ఎలా ఉంటుందో తెలియాలంటే ఢాకా వైపు చూడాలి. అక్కడ పేదలకు ఆరోగ్య బీమాను 2016లో టాంగైల్ జిల్లాలో ప్రయోగంగా మొదలుపెట్టారు. దేశమంతటికీ అది వెళ్ళలేదు.

బిడ్డను కన్న తల్లుల లెక్కలోనూ ఈ తేడా కనిపిస్తుంది. కాన్పులో ప్రమాదం వస్తే ఉప్పు-బెల్లం పనిచేయదు, రక్తం కావాలి, ఆపరేషన్ థియేటర్ కావాలి. ఐక్యరాజ్యసమితి సంస్థల 2023 అంచనాల ప్రకారం లక్ష కాన్పులకు మాతృ మరణాలు భారత్‌లో 80, బంగ్లాదేశ్‌లో 115. పసిపిల్లల మరణాల్లోనూ ఇప్పుడు మనం వాళ్ళను అందుకున్నాం. శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం 2023లో మన శిశు మరణాల రేటు 25. బంగ్లాదేశ్ 2022 ఆరోగ్య సర్వేలోనూ 25.

బడికి పంపారు, పెళ్ళి ఆగలేదు

ఆడపిల్లల చదువు బంగ్లాదేశ్ ఎక్కువగా చెప్పుకునే విజయం. 1994 నుంచి దేశమంతటా హైస్కూలు అమ్మాయిలకు స్టైపెండ్ ఇచ్చారు. 75 శాతం హాజరు ఉండాలి, 45 శాతం మార్కులు రావాలి, పెళ్ళి కాకూడదు. బడుల్లో అమ్మాయిల సంఖ్య అబ్బాయిలను దాటింది. ఆ తరం అమ్మాయిలే తర్వాత ఢాకా, చిట్టగాంగ్ గార్మెంట్ ఫ్యాక్టరీలకు వెళ్ళారు. సుమారు 40 లక్షల మందికి పని ఇచ్చే పరిశ్రమ అది. 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినదీ అందులోనే. 2023 డిసెంబరు నుంచి అక్కడ కనీస వేతనం నెలకు 12,500 టాకాలు.

ఇన్ని చేసినా, 20-24 ఏళ్ళ బంగ్లాదేశ్ మహిళల్లో 51 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిపోయింది. సగం మంది! భారత్‌లో ఇది 23.3 శాతం. స్టైపెండ్ షరతు కాగితం మీదే ఉండిపోయిన ఇళ్ళు ఎన్నో ఈ అంకె చెబుతోంది.

ఇక్కడ మనం భుజాలు తడుముకోవాల్సిందీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే జననాల రేటులో, ఆసుపత్రి కాన్పుల్లో దేశానికి ముందున్న మన రెండు రాష్ట్రాలూ ఈ ఒక్క విషయంలో జాతీయ సగటు కన్నా వెనకే ఉన్నాయి.

'భారత్' అంటే ఏ భారత్?

ఈ పోలికల్లో ఒక తిరకాసు ఉంది. బంగ్లాదేశ్ జనాభా 2022 జనగణన ప్రకారం 17 కోట్లకు దగ్గర. భారత్ 140 కోట్ల పైన. మన సగటులో కేరళా ఉంది, మధ్యప్రదేశూ ఉంది. 2020 లెక్కల్లో శిశు మరణాల రేటు కేరళలో 6, తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24, ఉత్తరప్రదేశ్‌లో 38, మధ్యప్రదేశ్‌లో 43. ఒకే దేశంలో ఒకచోట పుట్టిన బిడ్డకు ఇంకోచోట పుట్టిన బిడ్డకన్నా ఏడు రెట్లు ప్రమాదం. ఆయుర్దాయంలోనూ కేరళకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య దాదాపు పదేళ్ళ తేడా కనిపించింది.

బంగ్లాదేశ్‌తో నిజంగా పోల్చాల్సింది సరిహద్దుకు ఇవతల, అదే భాష, అదే డెల్టా ఉన్న పశ్చిమ బెంగాల్‌ను. అక్కడ ఆ ఏడాది శిశు మరణాల రేటు 19. అంటే బంగ్లాదేశ్ కన్నా మెరుగు. కాబట్టి 'భారత్ ఓడింది' అన్నప్పుడు ఓడింది మనలో ఒక భాగం. 'భారత్ గెలిచింది' అన్నప్పుడూ అంతే.

ఏ అంకెను నమ్మాలి?

రెండో రకం ఫార్వర్డ్, అదే 'వాళ్ళ పని అయిపోయింది' అనేది, 2024 తర్వాత ఎక్కువైంది. ఆ జులైలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్వాతంత్ర్య పోరాట యోధుల వారసులకు 30 శాతం కోటాపై విద్యార్థులు రోడ్డెక్కారు. చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు లేకపోవడమే ఆ కోపానికి అసలు ఇంధనం. అణచివేతలో 1,400 మంది వరకూ చనిపోయి ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం అంచనా. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వచ్చేశారు. మానవాభివృద్ధి సూచీలో ఆయుర్దాయానికి మార్కులున్నాయి, చదువుకు ఉన్నాయి. ఓటుకు, నోటికి మార్కుల్లేవు. ఉండి ఉంటే బంగ్లాదేశ్ ర్యాంకు ముందునుంచీ వేరుగా కనిపించేది.

హసీనా తర్వాత నియమించిన శ్వేతపత్ర కమిటీ, ఆమె హయాంలో వృద్ధి రేటును పెంచి చూపారని 2024 డిసెంబరులో చెప్పింది. అలాగైతే పైన చెప్పిన పిల్లల మరణాల లెక్కలు కూడా అబద్ధాలేనా? అలా అనుకోనక్కర్లేదు. జీడీపీని ప్రభుత్వ శాఖలు తమ దగ్గరున్న సమాచారంతో లెక్కేస్తాయి. పిల్లల మరణాలు, పెళ్ళి వయసు, మరుగుదొడ్ల లెక్కలు ఇంటింటి సర్వేల నుంచి వస్తాయి. అవి మన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ లాంటివే, చాలా దేశాల్లో దాదాపు ఒకే ప్రశ్నాపత్రంతో జరుగుతాయి. పైగా ఆ మెరుగుదల హసీనా కాలానికి ముందే, వేర్వేరు ప్రభుత్వాల కింద మొదలైంది. మనమూ గొప్పలు చెప్పుకోలేం. వాళ్ళు 2022లో జనగణన పూర్తి చేశారు. మన చివరి జనగణన 2011ది.

కాబట్టి ఈసారి ఇలాంటి పోలిక మీ ఫోన్‌కు వస్తే మూడు చూడండి: అది ఏ ఏడాది అంకె, ప్రభుత్వం చెప్పినదా, ఇంటింటి సర్వేదా, దేశ సగటు వెనక మీ రాష్ట్రం ఎక్కడుంది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 దేశంలోని 707 జిల్లాలకు విడివిడిగా ఫ్యాక్ట్‌షీట్లు ఇచ్చింది. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒక్కోటీ కొద్ది పేజీలే. మీ జిల్లాది తెరిచి ముందుగా మూడు వరసలు వెతకండి: 18 ఏళ్ళలోపు పెళ్ళిళ్ళు, విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్, ఆరోగ్య బీమా ఉన్న కుటుంబాలు. పక్కనే నాలుగో సర్వే అంకె కూడా ఉంటుంది, పెరిగిందో తగ్గిందో అక్కడే తెలిసిపోతుంది.